డ్రిల్ మెషిన్ విప్పాలా, వద్దా? ఉప్పల్ టీచర్, నాచారం మేస్త్రి సంవాదం

డ్రిల్ మెషిన్ ఆగిపోయిందంటే లోపం గోడలోని సాకెట్ దగ్గర్నుంచి బిట్టు మొన దాకా ఎక్కడైనా ఉండవచ్చు. కరెంటు వరసగా ప్లగ్గు, వైరు, ట్రిగ్గర్ స్విచ్, ఫీల్డ్ కాయిల్, కార్బన్ బ్రష్, కమ్యుటేటర్ దాటి, మోటారులో తిరిగే భాగమైన ఆర్మేచర్‌కు చేరుతుంది. అక్కడ పుట్టిన తిప్పుడు బలం గేర్ల మీదుగా చక్‌కు, చక్ నుంచి బిట్టుకు వెళ్తుంది. ఇళ్లలో వాడే 500, 600 వాట్ల వైరు డ్రిల్లులన్నిటిలో దాదాపు ఇదే ఏర్పాటు. వీటిలో ఉండేది యూనివర్సల్ మోటార్. అందులో ఫీల్డ్ చుట్టలూ ఆర్మేచర్ చుట్టలూ ఒకే వరసలో కలిసి ఉంటాయి కాబట్టి ఎక్కడ ఒక్కచోట తెగినా మొత్తం ఆగుతుంది. లోపాన్ని వెతకడం కూడా ఆ వరసలోనే సాగాలి.

ఇంతవరకు ఎవరికీ పేచీ లేదు. ఇంటి మనిషి ఈ వరసలో ఎంతదాకా వెళ్లవచ్చు, బాడీ స్క్రూలు విప్పవచ్చా అన్న దగ్గరే పేచీ మొదలవుతుంది. తూర్పు హైదరాబాదులో ఈ రెండు అభిప్రాయాలూ పక్కపక్కనే కాపురం ఉంటాయి. ఉప్పల్, నాచారం, మల్లాపూర్, చర్లపల్లి పారిశ్రామిక వాడలు ఒకవైపు, వాటిని నమ్ముకుని మోటార్లు చుట్టే షాపులు, లేత్ పనివాళ్లు. చిలుకానగర్, హెచ్‌ఎంటీ నగర్, స్నేహపురి, రామంతాపూర్ లాంటి నివాస కాలనీలు మరోవైపు, కర్టెన్ రాడ్డుకో టీవీ స్టాండుకో కొనుక్కున్న డ్రిల్లులు. కింది సంవాదంలో ఉప్పల్ అపార్ట్‌మెంట్‌లో ఉండే ఫిజిక్స్ టీచరుది విప్పి చూడాలనే పక్షం. నాచారంలో మోటార్లు చుట్టే మేస్త్రిది బాడీ విప్పవద్దనే పక్షం.

టీచర్: డ్రిల్లు లోపల దేవరహస్యమేమీ లేదన్నా. పదో తరగతి పిల్లలకు చెప్పే మోటారే. వైరు తెగితే మార్చాలి, కార్బన్ అరిగితే కొత్తది పెట్టాలి, స్విచ్ పోతే ఇంకొకటి వెయ్యాలి. నాలుగు స్క్రూలు విప్పితే కనిపించే దానికి షాపు దాకా ఎందుకు రావాలి?

మేస్త్రి: రావద్దనే నేను గూడ అంటున్న మేడమ్. షాపుకొచ్చే మెషిన్లల్ల శాన వాటికి రోగమే ఉండదు. విప్పకముందు చూసుకునేటివి ఉన్నయి, అవి ఎవరూ చూడరు. సక్కగ స్క్రూడ్రైవర్ పడ్తరు.

మేస్త్రి చెప్పే రోగం లేని కేసుల దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగాలి. ఇళ్లలో డ్రిల్లు మీద పడే నిందల్లో పెద్ద వాటా వీటిదే.

మేస్త్రి: ట్రిగ్గర్ పైన అటూ ఇటూ జరిగే పుల్ల ఉంటది గదా, తిరుగుడు ముందుకా ఎనకకా అని మార్చేది. అది నడిమిట్ల ఆగితే కొన్ని మెషిన్లకు ట్రిగ్గర్ నొక్కనే రాదు, కొన్నిట్ల నొక్కినా తిరగదు. మెషిన్ చచ్చిపోయిందని తెస్తరు. పుల్ల ఓ పక్కకు జరిపితే సాలు, బుర్రుమంటది. అదే పుల్ల ఉల్టా ఉన్నదనుకోండి, మెషిన్ మంచిగనే తిరుగుతది, గోడ దిగదు. అట్లనే అదిమి అదిమి బిట్టు మొన మాడ్చుకుంటరు.

టీచర్: సుత్తి మీట సంగతి కూడా అంతే. దాని మీద బిట్టు బొమ్మ ఒకవైపు, సుత్తి బొమ్మ ఒకవైపు ఉంటాయి. చెక్క తొలిచాక బిట్టు బొమ్మ మీదే వదిలేస్తారు. తర్వాత గోడ తొలిస్తే పొడి కూడా రాలదు.

మేస్త్రి: మీట సుత్తి మీదనే ఉన్నా పిల్లర్ మీద పెడితే దిగదు మేడమ్. మెషిన్ల దమ్ము లేదని కొట్లాటకొస్తరు. అది మెషిన్ తప్పు కాదు, జాగ తప్పు.

గోడ సంగతి తెలియకుండా డ్రిల్లు సంగతి తేలదు. ఈ ప్రాంతపు పాత ఇళ్లలో గోడలు ఎర్ర ఇటుకవి. కొత్త అపార్ట్‌మెంట్లలో సిమెంటు ఇటుకలో తేలిక బ్లాకులో వాడుతున్నారు. పిల్లర్, బీమ్, స్లాబ్ మాత్రం ఎక్కడైనా కాంక్రీటే. హైదరాబాదు నిలబడిందే గ్రానైట్ మీద. ఇక్కడి కాంక్రీటులో పడే కంకరా ఆ రాయే. ఇళ్లలో వాడే ఇంపాక్ట్ డ్రిల్లులో సుత్తిపోటు పుట్టించేవి ఒకదాని మీద ఒకటి జారే రెండు పళ్ల చక్రాలు. చాలా యంత్రాల్లో చక్ ఒక చుట్టు తిరిగితే 16 పోట్లు పడతాయి, అంటే నిమిషానికి 2,800 చుట్లు తిరిగే డ్రిల్లు 44,800 పోట్లు కొడుతుంది. సంఖ్య పెద్దదే గాని ఒక్కో పోటు బలం తక్కువ. ఇటుక పొడి కావడానికి అది చాలుతుంది, గ్రానైట్ కంకరకు చాలదు. పైగా ఈ పళ్లు గోడకు అదిమినప్పుడే కలుస్తాయి. గాలిలో పట్టుకుని తిప్పి సుత్తి పని చేయడం లేదనుకుంటే పొరపాటు. పిల్లర్‌కూ బీమ్‌కూ కావలసింది రోటరీ హామర్. అందులో పిస్టన్ గాలిని నొక్కి పోటు కొడుతుంది కాబట్టి పోట్లు తక్కువ, బలం ఎక్కువ.

అందువల్ల గోడ దిగలేదని ఫిర్యాదు వస్తే మొదటి పరీక్ష చోటు మార్చడమే. పిల్లర్ నుంచి రెండడుగులు పక్కకు జరిగి ఇటుక మీద పెడితే డ్రిల్లు దిగిందంటే యంత్రంలో లోపం లేదు. అక్కడా దిగకపోతే బిట్టు మొన చూడాలి. గోడ బిట్టు కొసన గట్టి కార్బైడ్ ముక్క ఉంటుంది. దాని అంచులు గుండ్రబడితే ఎంత మంచి మోటారైనా చేయగలిగింది లేదు. సిమెంటు పొడికి బదులు మెరిసే లోహపు రజను వస్తే బిట్టు ఇనుప చువ్వకు తగిలిందని గుర్తు. అక్కడ ఆపి, చోటు మార్చాలి. పిల్లర్‌లో చువ్వను తొలవడం ఇంటికి కూడా మంచిది కాదు.

డ్రిల్లు ఎక్కడా తిరగనే తిరగకపోతే కరెంటు దారి చూడాలి.

టీచర్: ఇక్కడ అందరూ చేసే పొరపాటు టెస్టర్‌ని నమ్మడం. టెస్టర్ వెలిగితే ఫేజ్ వచ్చిందని మాత్రమే అర్థం. న్యూట్రల్ తెగినా అది వెలుగుతుంది, డ్రిల్లు తిరగదు. ఫోన్ చార్జర్ పెట్టి చూసినా లాభం లేదు, వదులు కనెక్షన్ మీద కూడా అది నడుస్తుంది. ఇస్త్రీ పెట్టె పెట్టి వేడెక్కుతుందేమో చూస్తే సాకెట్ సంగతి తేలిపోతుంది.

మేస్త్రి: డ్రిల్లు ప్లగ్గుకు రెండే పిన్నులు. అదే సాకెట్ల మూడు పిన్నులది, లావు పిన్నులది పెట్టి తీసి పెట్టి తీసి లోపలి రేకులు సాగుతయి. రెండు పిన్నులది లూజుగ కూసుంటది. గోడ తొలుస్తుంటే అదురుకు కరెంటు వచ్చి పోయి వచ్చి పోయి, ప్లగ్గు కాడ నల్లగ మాడుతది. ఎక్స్‌టెన్షన్ బోర్డులైతే ఇంకా అన్యాలం. సన్న వైరు, అది గూడ చుట్ట చుట్టి.

600 వాట్ల డ్రిల్లు 230 వోల్టుల మీద తీసుకునేది సుమారు 2.6 ఆంపియర్లు. 6 ఆంపియర్ల మామూలు సాకెట్ దానికి ధారాళంగా సరిపోతుంది, పవర్ ప్లగ్గు అక్కర్లేదు. అయితే బిట్టు గోడలో ఇరుక్కున్న క్షణంలో కరెంటు ఎన్నో రెట్లు పెరుగుతుంది. సన్నని ఎక్స్‌టెన్షన్ వైరు మీద ఆ క్షణంలో వోల్టేజీ పడిపోయి మోటారుకు బలం చాలదు. ఎక్స్‌టెన్షన్ తీసేసి డ్రిల్లును నేరుగా గోడ సాకెట్‌కు పెట్టి చూడకుండా మోటారును అనుమానించడం తొందరపాటు.

సాకెట్ బాగుంటే తర్వాతది వైరు. డ్రిల్లు వైరు మధ్యలో కంటే పిడి దగ్గర, రబ్బరు తొడుగు ముగిసే చోట ఎక్కువగా తెగుతుంది. పని చేసినంతసేపూ అక్కడే వంగుతుంది, పని అయ్యాక వైరును యంత్రానికి చుట్టి అటక మీద పడేసినా మడత అక్కడే పడుతుంది. పైన తొడుగు బాగానే కనిపిస్తుంది, లోపల రాగి పోగులు ఒక్కొక్కటే తెగుతాయి. బిట్టు తీసేసి, డ్రిల్లును గట్టిగా పట్టుకుని, ట్రిగ్గర్ నొక్కి, రెండో మనిషి ఆ చోట వైరును మెల్లగా అటూ ఇటూ వంచి చూడాలి. మోటార్ అందుకుని ఆగిందంటే లోపం వైరుదే. తొడుగు పగిలి పోగులు బయటికి కనిపిస్తుంటే మాత్రం ఈ పరీక్ష చేయకూడదు, వెంటనే ప్లగ్గు పీకాలి.

టీచర్: సరే, తెగిన చోటు తెలిసింది. ఆ జానెడు ముక్క కోసేసి, పిడి విప్పి, మిగిలిన వైరును లోపల స్విచ్‌కు బిగిస్తే అయిపోయింది. దీనికి మీ దగ్గరికి రావాలా?

మేస్త్రి: ఆడనే ఆగాలె మేడమ్. మెషిన్ మీద ఒక చదరం, దాని లోపల ఇంకో చదరం బొమ్మ ఉంటది. అది ఏందో మీకు నాకన్న మంచిగ ఎరుకే.

టీచర్: డబుల్ ఇన్సులేషన్. కరెంటు భాగాలకూ మన చేతికీ మధ్య రెండు రక్షణలు ఉన్నాయని. అందుకే ఎర్త్ పిన్ను ఉండదు.

మేస్త్రి: గదే. ఎర్త్ లేదు. మీరు వైరు మార్చి మూత పెట్టేటప్పుడు ఒక పోగు మూత సందుల నలిగిందనుకోండి. ముందర గేర్ల డబ్బ శాన మెషిన్లకు అల్యూమినియందే. మెషిన్ తిరుగుతది, మంచిగనే ఉన్నదనిపిస్తది. ఎర్త్ ఉంటే ఫ్యూజు కొట్టేది. ఇక్కడ ఏదీ కొట్టదు. చెయ్యి తడిగ ఉన్న రోజు తెలుస్తది.

టీచర్: మా ఇంట్లో ఆర్‌సీసీబీ ఉందన్నా. 30 మిల్లీ ఆంపియర్లు లీకైతే చాలు, పడిపోతుంది.

మేస్త్రి: మీ ఇంట్ల ఉన్నది. మీరు డ్రిల్లు ఇచ్చే పక్కింట్ల ఉన్నదా?

ఈ చోట మేస్త్రి వాదమే బలమైనది. డ్రిల్లు ఒక ఇంట్లో కట్టేసి ఉండే వస్తువు కాదు, అపార్ట్‌మెంట్ మొత్తం తిరుగుతుంది. ఆర్‌సీసీబీ ఆ ఇంటి బోర్డులో ఉన్న రక్షణ. డబుల్ ఇన్సులేషన్ యంత్రంతో పాటు వెళ్లే రక్షణ. బాడీ విప్పినవాడు రెండోదాన్ని చెడగొట్టి, చెడిన సంగతి తెలియకుండా మూత బిగించే ప్రమాదం ఉంది. పాతకాలపు లోహపు బాడీ డ్రిల్లులది మరో సంగతి. వాటికి మూడు పిన్నుల ప్లగ్గు, ఎర్త్ తప్పనిసరి. తాతల నాటి డ్రిల్లుకు ఎర్త్ వైరు కత్తిరించి రెండు పిన్నుల ప్లగ్గు తగిలించి ఉంటే దాన్ని అసలు వాడకూడదు.

టీచర్: అయితే బాడీ విప్పకుండా బయటి నుంచే కొలుద్దాం. మల్టీమీటర్‌ను ప్లగ్గు రెండు పిన్నులకు పెట్టి ట్రిగ్గర్ నొక్కితే కొన్ని ఓమ్‌లు చూపించాలి. ఏమీ చూపించకపోతే వైరో, స్విచ్చో, కార్బనో, చుట్టలో ఎక్కడో తెగింది.

మేస్త్రి: అన్ని మెషిన్లకు అట్ల నడ్వదు. స్పీడు తగ్గిచ్చి పెంచే ట్రిగ్గర్ ఉంటే, మెషిన్ మంచిగున్నా మీ మీటర్ తెగిందనే చూపిస్తది.

మేస్త్రి మాట నిజం, కారణం టీచరు పాఠంలోనే ఉంది. వేగాన్ని మార్చే ట్రిగ్గర్‌లో ట్రయాక్ అనే ఎలక్ట్రానిక్ భాగం ఉంటుంది. మల్టీమీటర్ బ్యాటరీ ఇచ్చే చిన్న వోల్టేజీకి అది తెరుచుకోదు. కొన్ని స్విచ్‌లలో ట్రిగ్గర్‌ను చివరిదాకా నొక్కితే ట్రయాక్‌ను పక్కన పెట్టి నేరుగా కలిపే ఏర్పాటు ఉంది, వాటిలో మాత్రమే మీటర్ రీడింగ్ వస్తుంది. రీడింగ్ వస్తే వరస బాగుందని ధైర్యంగా చెప్పవచ్చు. రాకపోతే తెగిందని చెప్పడానికి మాత్రం వీల్లేదు. షాపులో మేస్త్రి వాడే సిరీస్ బోర్డులో బల్బు మీదుగా అసలు మెయిన్స్ కరెంటే పంపుతారు కాబట్టి ట్రయాక్ తెరుచుకుంటుంది, బల్బు వెలుగుతుంది. ఆ బోర్డు ఇంట్లో తయారు చేసుకోవలసింది కాదు. దాని కొసల్లో మెయిన్స్ కరెంటు ఉంటుంది.

స్విచ్ పాడైనప్పుడు లక్షణాలు బయటికే తెలుస్తాయి. పిస్తోలు పట్టు, వేలితో నొక్కే ట్రిగ్గర్ ఉన్న డ్రిల్లుకు బ్లాక్ అండ్ డెక్కర్ 1917లో అమెరికాలో పేటెంటు పొందింది. పైరూపం అప్పటి నుంచి పెద్దగా మారలేదు. లోపలికి ట్రయాక్ వచ్చాక రోగాల తీరు మారింది. ట్రిగ్గర్ కొంచెం నొక్కినా పూర్తి వేగం అందుకుంటే ట్రయాక్ షార్ట్ అయింది. నొక్కినప్పుడల్లా కాక ఎప్పుడో ఒకసారి తిరిగితే స్విచ్ లోపలి కొనలు మాడాయి, లేదా సిమెంటు దుమ్ము చేరింది. వేలు తీసినా ఆగకపోతే ముందు పక్కనున్న లాక్ బొత్తం లోపలికి పడిందేమో చూడాలి. అది కాకపోతే డ్రిల్లును అక్కడితో పక్కన పెట్టాలి. ఆగని డ్రిల్లుతో ఇంకో రంధ్రం వేసి చూద్దామనుకోవడం అన్ని తప్పుల్లోకి పెద్దది.

వాదం అసలు పదునెక్కేది కార్బన్ల దగ్గర.

టీచర్: కార్బన్లు అరగడానికే పుట్టిన వస్తువులన్నా. కొత్తవి ఒకటిన్నర సెంటీమీటరు పైచిలుకు ఉంటాయి, 5, 6 మిల్లీమీటర్లకు వచ్చాయంటే మార్చాలి. డ్రిల్లు ఆగి ఆగి తిరుగుతుంది, పక్కన తట్టితే మళ్లీ అందుకుంటుంది. అంత తేలికైన లక్షణం ఇంకోటి లేదు. ఇది కూడా ఇంట్లో చేయొద్దంటారా?

మేస్త్రి: పక్కల గుండ్రటి మూతలుంటే చెయ్యండి. ప్లగ్గు పీకి, మూత తిప్పి, పాతది తీసి, కొత్తది పెట్టి మూయాలె. ఆ మూతలు ఇంటోళ్ల కోసమే పెట్టిన్రు. రెండూ ఒక్కసారే మార్చాలె. అదే నంబరుది తేవాలె. సైజు రాలేదని ఆకురాయి మీద అరగదీసి పెడ్తరు, అది గూట్ల బిగుసుకుంటది, స్ప్రింగు తోసినా కిందికి రాదు. మల్ల ఆర్మేచర్ పోతది.

టీచర్: మూతలు లేని యంత్రాలో? ఇళ్లకు అమ్మే చిన్న డ్రిల్లుల్లో చాలావాటికి కార్బన్లు బాడీ లోపలే ఉన్నాయి. చౌకగా మారిపోయే భాగాన్ని మార్చడానికి బాడీ విప్పక తప్పదు. మీరు గీసిన గీత ప్రకారం నేను కార్బన్ల కోసం షాపుకు రావాలి. మీరూ అవే స్క్రూలు విప్పుతారు. మరి మీరు మూత బిగించాక ఇన్సులేషన్ చూస్తున్నారా?

మేస్త్రి: మెగ్గర్ ఉన్నోళ్లు చూస్తరు.

టీచర్: అందరి దగ్గరా ఉందా?

మేస్త్రి: లేదు మేడమ్. ఉండాలె.

ఇది టీచరు గెలిచిన చోటు. విప్పడంలోని ప్రమాదం విప్పేవాడి వృత్తిని బట్టి మారదు, మూత బిగించాక పరీక్ష జరిగిందా లేదా అన్నదాన్ని బట్టి మారుతుంది. మెగ్గర్ 500 వోల్టుల డీసీతో ఇన్సులేషన్‌ను కొలిచే పనిముట్టు. డబుల్ ఇన్సులేషన్ యంత్రంలో కరెంటు భాగాలకూ చేతికి తగిలే లోహానికీ మధ్య కనీసం 7 మెగోమ్‌లు ఉండాలి. మల్టీమీటర్ ఈ పని చేయలేదు. దాని చిన్న వోల్టేజీకి పలచబడ్డ ఇన్సులేషన్ కూడా బాగున్నట్టే కనిపిస్తుంది. ట్రిగ్గర్ నొక్కి పట్టి, ప్లగ్గు పిన్నులు రెండూ కలిపి ఒకవైపు, గేరు డబ్బా లేదా చక్ మరోవైపు పెట్టి కొలవాలి. అరనిమిషం కూడా పట్టదు.

కొత్త కార్బన్లు పెట్టాక డ్రిల్లును గోడ మీదికి వెంటనే తీసుకెళ్లకూడదు. కమ్యుటేటర్ వంపుకు కార్బన్ మొన సరిపడేదాకా కొన్ని నిమిషాలు ఖాళీగా తిప్పాలి. అప్పుడు నిప్పురవ్వలు కనిపిస్తాయి, భయపడక్కర్లేదు.

టీచర్: ఏ రవ్వకు భయపడాలి, దేనికి అక్కర్లేదు అన్నది కూడా ఇంట్లోవాళ్లు నేర్చుకోవచ్చు. కార్బన్ అంచున చిన్న నీలి రవ్వలు మామూలే. మోటార్ తిరిగినంతసేపూ కార్బన్ కింద కమ్యుటేటర్ పట్టీలు మారుతుంటాయి కదా. రవ్వలు కమ్యుటేటర్ చుట్టూ వలయంలా పరుచుకుంటే ఆర్మేచర్ అనుమానించాలి.

మేస్త్రి: వాసన కలిపి చూడాలె. వార్నీష్ మాడిన వాసన, మెషిన్ దమ్ము తగ్గుడు, రింగు లెక్క మంట, మూడు కలిస్తే ఆర్మేచర్ పోయింది. ఇంట్ల చేసేటిదేం లేదు.

టీచర్: ఎదురెదురు పట్టీల మీద ఓమ్‌లు కొలిస్తే తెలుస్తుంది కదా. అన్నీ ఒకేలా ఉండి ఒక్కటి తేడా వస్తే అక్కడ తీగ తెగింది.

మేస్త్రి: తెగితే తెలుస్తది. నాలుగు చుట్లు షార్ట్ అయితే మీ మీటర్‌కు ఏం తెలుస్తది? గ్రౌలర్ అని షార్ట్ పట్టే సామాను ఉంటది, దాని మీద ఆర్మేచర్ పెట్టి పైన హాక్సా బ్లేడు పట్టుకుంటే, షార్ట్ ఉన్న గాడి మీద బ్లేడు గిరగిర కొట్టుకుంటది. ఇంకో మాట మేడమ్. కమ్యుటేటర్ నల్లబడ్డదని ఎమెరీ కాగితంతోని రుద్దుతరు. ఆ పొడి పట్టీల సందుల కూసుంటది. మంచిగున్న ఆర్మేచర్ షార్ట్ చేసుకునే దారి అది.

ఎమెరీలో ఇనుప ఆక్సైడు కలిసి ఉంటుంది, దాని రజను కరెంటును దాటనిస్తుంది. కమ్యుటేటర్ శుభ్రానికి వాడేది సన్నని గాజు కాగితం. అయితే పట్టీల మీద కాఫీ రంగు పొర నున్నగా ఉంటే దాన్ని అసలు ముట్టుకోకూడదు, అది ఆరోగ్య లక్షణం. రెండు మూడు పట్టీలు మాత్రమే నల్లగా మాడి ఉంటే రుద్ది లాభం లేదు, తీగ తెగిన చోటే అది.

వేడెక్కడం వేరు, మాడిపోవడం వేరు. డ్రిల్లును చల్లబరిచే పంకా ఆర్మేచర్ మీదే ఉంటుంది. మెల్లగా తిప్పుతూ గట్టిగా అదిమితే కరెంటు ఎక్కువ, గాలి తక్కువ. ఏప్రిల్, మే నెలల ఎండలో వరసగా రంధ్రాలు వేస్తుంటే మధ్య మధ్య ఒకటి రెండు నిమిషాలు ఖాళీగా పూర్తి వేగంతో తిప్పాలి. ఆపి పక్కన పెట్టడం కంటే అలా త్వరగా చల్లబడుతుంది. సీలింగుకు రంధ్రం వేసేటప్పుడు రాలే దుమ్ము నేరుగా గాలి సందుల్లోకి దిగుతుంది. పాత ప్లాస్టిక్ గిన్నెకు అడుగున రంధ్రం చేసి బిట్టుకు తొడిగితే దుమ్ము అందులోనే ఆగుతుంది.

మోటార్ తిరిగే చప్పుడు వచ్చి చక్ తిరగకపోతే గేరు పళ్లు పోయాయి. కీచుమనే చప్పుడు బేరింగుది. బేరింగు అంచున నంబరు చెక్కి ఉంటుంది. ఉదాహరణకు 608 అంటే లోపలి రంధ్రం 8, బయటి కొలత 22, వెడల్పు 7 మిల్లీమీటర్లు. నంబరు చేతిలో ఉంటే సికింద్రాబాద్ రాణిగంజ్ బజారులో అడగవచ్చు. గేర్ల డబ్బాలో వేయవలసింది గ్రీజు, అదీ పళ్లకు అంటేంత. చప్పుడు తగ్గుతుందని కొబ్బరినూనో కుట్టుమిషన్ నూనో పోస్తే పలచబడి కమ్యుటేటర్ మీదికి పాకుతుంది, కార్బన్లు దానితో బురదవుతాయి.

చక్ పనులు పూర్తిగా ఇంటివే, ఇద్దరికీ ఇందులో పేచీ లేదు. బిట్టు జారుతుంటే కీని ఒక్క రంధ్రంలో కాక మూడు రంధ్రాల్లోనూ పెట్టి బిగించాలి. రోటరీ హామర్ బిట్టు తోకకు గాడులుంటాయి, దాన్ని మామూలు చక్‌లో పెడితే ఎంత బిగించినా జారుతుంది. బిట్టు ఊగుతుంటే దాన్ని తీసి వంటింటి గ్రానైట్ గట్టు మీద దొర్లించాలి. వంకర ఉంటే గట్టుకూ బిట్టుకూ మధ్య వెలుగు కనిపించి మాయమవుతుంటుంది. బిట్టు నిటారుగా ఉండీ ఊగితే చక్ లేదా దాని ఇరుసు వంగింది.

మేస్త్రి: చక్ మార్చుకుంటే మార్చుకోండి గని, ఒక్కటి యాది పెట్టుకోవాలె. ముందుకూ ఎనకకూ తిరిగే మెషిన్ అయితే చక్ నోరు తెరిస్తే లోపల ఒక స్క్రూ కనపడ్తది. దానికి ఉల్టా మర ఉంటది, కుడి దిక్కు తిప్పితేనే ఊడుతది. అది తీసినంకనే చక్ ఎడమకు తిప్పాలె. తెల్వక సుత్తితోని కొడ్తరు, ఇరుసు వంగుతది.

బ్యాటరీ డ్రిల్లులకు ఈ చర్చలో ఎక్కువ చోటు లేదు. బ్యాటరీ తీసి కొనలు తుడవడం, చార్జర్ లైటు చూడటం, వేడెక్కి ఆగితే చల్లారనివ్వడం, ఇంతవరకే ఇంటి పని. బ్రష్‌లెస్ రకాల్లో కార్బన్లే ఉండవు. లిథియం బ్యాటరీ ప్యాకును మాత్రం ఎవరూ ఇంట్లో విప్పకూడదు, అందులోని సెల్లు షార్ట్ అయితే మంటే.

టీచర్: చివరికి మీ గీత ఎక్కడన్నా? విప్పొద్దు అంటే జనం కొత్తది కొని పాతది పారేస్తారు. 2022 డిసెంబర్ 24న కేంద్రం రైట్ టు రిపేర్ పోర్టల్ తెచ్చింది. రిపేరు చేసుకోవడం వినియోగదారుడి హక్కు అనే కదా దాని అర్థం.

మేస్త్రి: హక్కు మంచిదే. స్పేర్ దొరకాలె గదా. ఆర్మేచర్ అడిగితే మోడల్ బందయిందంటరు. గేరు పళ్ల లెక్క తప్పిన లోకల్ ఆర్మేచర్ వేస్తే నెల తిరగకుండ పళ్లు అరుగుతయి. అందుకే కొనేటప్పుడే కార్బన్, స్విచ్, ఆర్మేచర్ దొరుకుతయా అని అడగాలె. నా గీత అంటరా, పక్క మూతలు, చక్, ప్లగ్గు ఇంటోళ్లవి. స్క్రూలు విప్పితే మెగ్గర్ పెట్టాలె. మీరు విప్పినా, నేను విప్పినా.

టీచర్: అయితే విప్పేది నేనే. లోపలి వైర్ల వరస ఫోటో తీసుకుని, గాడుల్లోనే పోగులు కూర్చోబెట్టి, మూత బిగించి మీ దగ్గరికి తెస్తాను. మెగ్గర్ మీరు పెట్టండి.

మేస్త్రి: తెండి మేడమ్. మెగ్గర్ పెట్టకుండ మటుకు గోడకు పెట్టకండి.

టీచరూ మేస్త్రీ ఏకీభవించని ఒక్క అంశం మిగిలే ఉంది. స్విచ్ మార్చడం ఇంట్లో చేయవచ్చని టీచర్ ఇప్పటికీ అంటారు, మేస్త్రి ఒప్పుకోరు. స్విచ్‌లో నాలుగైదు వైర్లు, దిశ మార్చే కనెక్షన్లు కలిసి ఉంటాయి. వరస తప్పితే మోటార్ తిరగకపోవచ్చు, కాలిపోవచ్చు కూడా. ఈ ఒక్కదాంట్లో మేస్త్రి పక్షానికి మొగ్గడమే క్షేమం.

ఆర్మేచర్, ఫీల్డ్ రెండూ కాలిన చిన్న డ్రిల్లును బాగు చేయించడం సాధారణంగా కొత్తదాని ధరకు దగ్గర పడుతుంది, అప్పుడు వదిలేయడం తప్పు కాదు. అయితే చెత్తబండిలో వేయవద్దు. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న ఈ-వ్యర్థాల నిబంధనల్లో డ్రిల్లుల లాంటి విద్యుత్ పనిముట్లు కూడా చేరాయి. గుర్తింపు ఉన్న సేకరణదారుకే ఇవ్వాలి. బాగు చేయించిన డ్రిల్లును తెచ్చుకునేటప్పుడు షాపువాళ్లను మెగ్గర్ రీడింగ్ ఎంత వచ్చిందో అడగండి, బిల్లు మీద రాయించుకోండి.